అరవై గొంతులు, నలభై ఐదు వాద్యాలు: పాట ఎక్కడ మునుగుతుంది?

విండ్ ఎన్సెంబుల్ (గాలి వాద్యాల బృందం) వెనక క్వయర్ (బృందగాయకులు) నిలబడి పాడిన కచేరీ అయ్యాక, బయటికొచ్చేవాళ్ళ నోట తరచుగా ఒకటే మాట వినిపిస్తుంది: బ్యాండు బ్రహ్మాండం, పాడినవాళ్ళు ఏం పాడారో మాత్రం తెలియలేదు. నింద మొదట గాయకుల మీద పడుతుంది, గట్టిగా పాడాల్సింది అని. తర్వాత మైకుల మీద, చివరికి హాలు మీద. నిజానికి ఆ పాట కచేరీ రోజున మునగలేదు. ఏ పాట, ఏ శ్రుతి, ఎంతమంది వాయిస్తారు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు అన్నవి తేల్చకుండా వదిలేసిన రోజునే, అంటే రెండు మూడు నెలల ముందే మునిగింది.

బీమా కాస్తా గుదిబండ

విండ్ ఎన్సెంబుల్ అంటే సుషిర వాద్యాలు, వాటికి తోడు డప్పులూ తాళాలూ. ఫ్లూట్, ఓబో, బసూన్, క్లారినెట్లు, శాక్సఫోన్లు ఒక వర్గం. ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, యూఫోనియం, ట్యూబా ఇంకో వర్గం. వెనక టింపనీ, స్నేర్ డ్రమ్, సింబల్స్. తీగ వాద్యాల్లోంచి మహా అయితే ఒక డబుల్ బేస్. ఈ పేరుకు ఒక అర్థం స్థిరపడింది అమెరికన్ కండక్టర్ ఫ్రెడరిక్ ఫెన్నెల్ వల్ల. 1952లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ విండ్ ఎన్సెంబుల్ మొదలుపెట్టినప్పుడు ఆయన పట్టుకున్న సూత్రం, వీలైనంతవరకు ఒక్కో పార్టుకు, అంటే వాద్యానికని విడిగా రాసిన ఒక్కో వరుసకు, ఒక్కరే. పెద్ద కాన్సర్ట్ బ్యాండుల్లో ఒకే క్లారినెట్ పార్టును నలుగురైదుగురు కలిసి వాయించడం మామూలు.

ఔత్సాహికులు నడిపే బృందాల్లో పేరు ఎన్సెంబుల్ అయినా లెక్క బ్యాండుదే. నేర్చుకుని వచ్చినవాళ్ళందరికీ కుర్చీ వేయాలి కదా, తొమ్మిది క్లారినెట్లూ ఆరు ఫ్లూట్లూ అలాగే పోగవుతాయి. అందులో తప్పేమీ లేదు. అసలు చిక్కు స్కోరులో, అంటే వరుసలన్నీ కలిపి రాసిన కాగితంలో ఉంది. ఔత్సాహిక బ్యాండుల కోసం రాసే స్కోర్లకు ఒక రకం బీమా ఉంటుంది: ఓబో లేని బృందమైనా, ఒక్క హార్నే ఉన్న బృందమైనా నెట్టుకురాగలిగేలా ప్రతి వరుసనూ ఇద్దరు ముగ్గురికి పంచి రాస్తారు. హార్న్ వాయించేదే ఆల్టో శాక్సఫోనూ వాయిస్తుంది. యూఫోనియం వరుసే టెనర్ శాక్సఫోన్‌లో మళ్ళీ కనిపిస్తుంది. బ్యాండు ఒంటరిగా ఉన్నప్పుడు ఇది రక్షణ. వెనక క్వయర్ నిలబడ్డాక అదే గుదిబండ.

గొంతులు పెంచితే ఏం పెరుగుతుంది?

ఇంకో క్వయర్‌ను పిలుద్దాం, బలం పెరుగుతుంది అనేది అందరికీ మొదట తట్టే ఉపాయం. అంకెలు చూస్తే నీరసం వస్తుంది. ఒకే గట్టితనంతో పాడే గాయకుల సంఖ్య రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల మంది. అరవై మంది పాడేది రెట్టింపు గట్టిగా వినబడాలంటే ఆరు వందల మంది ఉండాలన్నమాట. రెండో క్వయర్ వస్తే సభ నిండుతుంది, టిక్కెట్లు అమ్ముడుపోతాయి, పాడే వాళ్ళకు ధైర్యం వస్తుంది. మాటల స్పష్టత మాత్రం అంతగా మారదు.

ఇదే లెక్క తిరగేసినా వర్తిస్తుంది. వాద్యాలు సగానికి తగ్గిస్తే తగ్గేదీ 3 డెసిబెల్సే. అందుకే మనుషుల్ని తగ్గించడం ఒక్కటే చాలదు, వాయించే స్థాయి కూడా తగ్గాలి. ఒక ట్రంపెట్ ఫోర్టే నుంచి పియానోకు, అంటే గట్టి నుంచి మెత్తకు దిగితే 10 డెసిబెల్స్‌కు పైగా తగ్గవచ్చు. పైగా ఇత్తడి వాద్యాలకు ఒక గుణం ఉంది: గట్టిగా ఊదేకొద్దీ పై స్వనాలు విపరీతంగా పెరిగి శబ్దం మెరుస్తుంది, మెత్తగా ఊదితే ఆ మెరుపు పోతుంది. మాటను కప్పేసేది చాలావరకు ఆ మెరుపే.

ఇది ఎందుకో కాస్త దగ్గరగా చూడాలి. పాటలో రాగం మోసేది అచ్చులు, అర్థం మోసేది హల్లులు. సొప్రానోలు (పై గొంతు స్త్రీలు) పాడే మధ్య సి నుంచి పై ఎ వరకు స్వరాలు 262 నుంచి 880 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. సరిగ్గా అక్కడే క్లారినెట్లు, ఆల్టో శాక్సఫోన్లు, ట్రంపెట్లు కాపురముంటాయి. కాబట్టి అచ్చులను ఇవి మింగుతాయి. స, త, క, ఫ లాంటి హల్లుల శక్తి ఎక్కువగా 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అక్కడ సింబల్, స్నేర్, పికలో (చిన్న ఫ్లూట్) ఉంటాయి. సస్పెండెడ్ సింబల్ (స్టాండుకు వేలాడదీసిన తాళం) మీద మెత్తటి కర్రలతో శబ్దం పెంచుకుంటూ పోయే ఆ అలలాంటి వాయింపు స్కోరులో చూడటానికి రెండు గీతలే, కానీ అది లేచే రెండు బార్లలో (తాళం ఆవర్తాల్లో) ఒక్క హల్లూ బతకదు. పాట పతాక స్థాయికి చేరే చోటే, అంటే మాట అన్నిటికన్నా అవసరమైన చోటే, దాన్ని రాయడం అరేంజర్లకు అలవాటు.

కాబట్టి కోత ఒక వరుసలో సాగాలి. క్వయర్ పాడే బార్లలో మొదట సొప్రానో రాగాన్నే వాయించే ఫ్లూట్, క్లారినెట్, ట్రంపెట్ పార్టులు ఆపేయాలి. గాయకులకు ఆసరా కావాలనుకుంటే ఒక్క ఫ్లూట్‌నో ఒక్క ఓబోనో ఉంచవచ్చు. తర్వాత శాక్సఫోన్లు. ఆ తర్వాత మిగిలిన ప్రతి పార్టుకూ ఒక్కరే అనే నియమం. తొమ్మిది క్లారినెట్లు మూడవుతాయి, ఐదు ట్రంపెట్లు రెండవుతాయి. బేస్ వరుస, అంటే ట్యూబా, బసూన్, డబుల్ బేస్, చివరిదాకా ఉండాలి. కింద ఆధారం పోతే క్వయర్ శ్రుతి జారుతుంది. మిగిలిన స్థాయి గుర్తులన్నీ రెండు మెట్లు దించాలి: ఫోర్టే ఉన్నచోట మెట్సో పియానో, అంటే ఓ మాదిరి మెత్తగా. ఇవన్నీ నోటితో చెబితే రిహార్సల్ గది దాటేసరికి గాలికిపోతాయి. ప్రతి పార్టు కాగితం మీద పెన్సిలుతో రాయాల్సిందే. "క్వయర్ పాడేటప్పుడు కాస్త చూసుకోండి" అనేది సూచన కాదు, ఆశ.

ఈ జోడీ కోసమే రాసిన రచనలు చూస్తే స్వరకర్తలు ఇదంతా ముందే లెక్కేసుకున్నారని తెలుస్తుంది. ఆస్ట్రియా స్వరకర్త బ్రుక్నర్ 1866లో ఇ మైనర్‌లో రాసిన మాస్ (చర్చి ఆరాధన పాటల కూర్పు) ఎనిమిది పార్టుల క్వయర్‌కు, పదిహేనంటే పదిహేను సుషిర వాద్యాలకు. దాన్ని 1869లో లింజ్‌లో ఆరుబయట మొదటిసారి ప్రదర్శించారు. తీగ వాద్యాల శబ్దం ఆరుబయట చెదిరిపోతుంది, గాలి వాద్యాలది నిలబడుతుంది. అయినా మొదటి భాగంలో చాలాసేపు ఆయన వాద్యాలను దాదాపు ఆపేసి గొంతులనే వదిలాడు. స్ట్రవిన్‌స్కీ 1948లో పూర్తిచేసిన మాస్‌లో వాద్యాలు పదే: రెండు ఓబోలు, ఒక ఇంగ్లిష్ హార్న్, రెండు బసూన్లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు. 1930 నాటి ఆయన సింఫనీ ఆఫ్ సామ్స్‌లో వాద్యబృందం పెద్దదే, కానీ వయొలిన్లు, వయోలాలు, క్లారినెట్లు లేవు. స్ట్రవిన్‌స్కీ రెండు రచనల్లోనూ క్లారినెట్ లేకపోవడం గమనించాల్సిన సంగతి. క్లారినెట్ బ్యాండుకు వెన్నెముకే కావచ్చు, గొంతుల మధ్య మాత్రం ఇరుకు చేస్తుంది.

శ్రుతి ముందు తేలాలి, కాగితాలు తర్వాత

పియానోతో పాడుకునే క్వయర్ స్కోర్లు జి, డి, ఎ, ఇ లాంటి షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు) శ్రుతుల్లో చాలా ఉంటాయి. బ్యాండుకు ఫ్లాట్ (అర మెట్టు దించే గుర్తు) శ్రుతులు సుఖం, ఎందుకంటే అందులో చాలా వాద్యాలు రాసిన స్వరం ఒకటైతే పలికేది ఇంకొకటి. బి-ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్ సి అని చదివితే బి-ఫ్లాట్ పలుకుతుంది. ఇ-ఫ్లాట్ ఆల్టో శాక్సఫోన్‌కు ఇ-ఫ్లాట్ పలుకుతుంది. క్వయర్ ఇ మేజర్‌లో పాడితే క్లారినెట్ వాళ్ళ కాగితం మీద ఆరు షార్పులు, ఆల్టో శాక్సఫోన్ వాళ్ళకు ఏడు. అదే పాటను అర మెట్టు దించి ఇ-ఫ్లాట్‌కు తెస్తే క్లారినెట్‌కు ఒక్క ఫ్లాట్, ఆల్టో శాక్సఫోన్‌కు ఏమీ లేవు. ఔత్సాహిక బృందంలో ఈ తేడా మూడు రిహార్సళ్ళంత విలువైనది.

అయితే ఆ అర మెట్టు క్వయర్‌కు ఊరికే రాదు. కిందికి దించితే రెండో బేసుల (అడుగు గొంతు పురుషుల) కింది స్వరాలు గాలి మాటలవుతాయి, పైకి ఎత్తితే టెనర్లు (పై గొంతు పురుషులు) మెడ బిగిస్తారు. ఆరు వారాలు ఒక శ్రుతిలో సాధన చేసిన క్వయర్‌ను ఉమ్మడి రిహార్సల్ నాడు ఇంకో శ్రుతిలో పాడమంటే స్వరం గుర్తు బాగా ఉన్నవాళ్ళే ముందు తడబడతారు. కాబట్టి ఇద్దరు కండక్టర్లూ కూర్చుని శ్రుతి తేల్చేదాకా ఏ క్వయర్‌కూ కాగితాలు పంచకూడదు. శ్రుతి మార్చినా, పార్టులు కోసినా అది అరేంజ్‌మెంట్‌లో మార్పే. హక్కులు ఇంకా ఉన్న రచనైతే ప్రచురణకర్త అనుమతి ముందే అడగాలి. ఫొటోకాపీలు, రికార్డింగు, నెట్ ప్రసారం వేర్వేరు అనుమతులని మర్చిపోకూడదు.

ఇక కచేరీ నాటి శ్రుతి. గాలి వాద్యాలకు లోపలి గాలి వేడే ప్రాణం. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది, స్వరం పైకి ఎక్కుతుంది. లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 3 సెంట్లు (అర మెట్టులో నూరో వంతు ఒక సెంటు), పది డిగ్రీలకు అర మెట్టులో దాదాపు మూడో వంతు. వాయించేవారి ఊపిరి గొట్టాన్ని వేడిగా ఉంచుతుంది కనుక నిజంగా కనిపించే తేడా అంతకన్నా తక్కువ. చిక్కు వాయించనప్పుడు వస్తుంది. అతిథి క్వయర్ పియానోతో పావుగంట సొంతంగా పాడుతుంటే బ్యాండు ఖాళీగా కూర్చుంటుంది, వాద్యాలు చల్లబడి స్వరం దిగుతుంది, ఓబో రీడ్ (ఊదే చోట ఉండే రెల్లు పుల్ల) ఎండిపోతుంది. వెంటనే ఉమ్మడి పాట మొదలైతే మొదటి ముప్పై సెకన్లు చెవులు మూసుకోవాల్సిందే. మందు తేలికే: ప్రవేశానికి రెండు నిమిషాల ముందు నుంచి శబ్దం రాకుండా వాద్యంలోకి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండటం, ఓబో వాళ్ళు రీడ్ నోట్లో తడిగా ఉంచుకోవడం.

క్వయర్ వైపు ప్రమాదం దీనికి ఎదురు. వాద్యం లేకుండా పాడే చరణంలో స్వరం కొంచెం కొంచెంగా జారుతుంది, పాడేవాళ్ళకు తెలియదు. చరణం చివర బ్యాండు దిగగానే గోడకు గుద్దుకున్నట్టు అవుతుంది. అలాంటి చరణం ఉన్న పాటలో లోపల ఎక్కడో ఒక్క బసూన్‌నో బేస్ క్లారినెట్‌నో అతి మెత్తగా ఆధార స్వరం పట్టమంటే, సభకు తెలియకుండా పని జరుగుతుంది. పియానో కూడా వేదిక మీద ఉంటే అందరూ దానికే లొంగాలి, అది ఎవరి మాటా వినదు కనుక.

ఎవరి వెనక ఎవరు

క్వయర్ వెనక మెట్ల మీద, బ్యాండు ముందు: ఇది మామూలు పద్ధతి. ఇందులో మూడు గుంటలున్నాయి. మొదటిది ఫ్రెంచ్ హార్న్. దాని నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. హార్నుల వెనకే ఆల్టోలను (కింది గొంతు స్త్రీలను) నిలబెడితే వాళ్ళకు హార్న్ తప్ప ప్రపంచం వినబడదు. హార్నులను ఒక పక్కకు, వెనక గోడ ఉండేలా జరపాలి. రెండోది, క్వయర్ నోళ్ళు ట్రంపెట్ల వెడల్పాటి నోళ్ళ కన్నా ఎత్తులో ఉండాలి. మొదటి వరుస నేల మీదే నిలబడితే ఆ వరుస పాడేదంతా ముందున్నవాళ్ళ వీపులకే అంకితం.

మూడోది స్నేర్ డ్రమ్. దాని అడుగు తోలుకు ఆనుకుని సన్నటి లోహపు తీగలుంటాయి. పక్కన ఎవరు ఒక స్వరం పట్టినా, ముఖ్యంగా హార్నులు, ట్రాంబోన్లు, బేసులు, ఆ తోలు తనంతట తాను కంపించి తీగలు జుయ్యిమంటాయి. క్వయర్ అతి మెత్తగా పట్టే చివరి స్వరం కింద ఈ ఈగల మోత వినిపిస్తుంది. డ్రమ్ము పక్కనున్న చిన్న మీట దించితే తీగలు వదులై ఊరుకుంటుంది. కానీ తర్వాత వాయించే ముందు మీట ఎత్తడం మర్చిపోతే స్నేర్ కాస్తా టామ్‌టామ్‌లా మొద్దుగా మోగుతుంది. కాబట్టి "మీట దించు", "మీట ఎత్తు" రెండూ ఏ బార్‌లోనో పార్టు మీద రాసి ఉండాలి.

దూరం ఇంకో తంటా. ధ్వని ఒక మీటరు పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. బ్యాండు ముందు వరుసకూ క్వయర్‌కూ మధ్య 10 మీటర్లుంటే ఫ్లూట్ శబ్దం క్వయర్‌ను చేరేసరికి 29 మిల్లీసెకన్లు. అది విని వాళ్ళు పాడితే, ఆ పాట ముందుకు రావడానికి ఇంకో 29. మొత్తం 58. నిమిషానికి 120 బీట్ల వేగంలో పదహారో వంతు స్వరం నిడివి 125 మిల్లీసెకన్లు, అందులో దాదాపు సగం ఆలస్యం అన్నమాట. క్వయర్ ఎప్పుడూ వెనకబడుతోందని కండక్టర్ విసుక్కుంటాడు, పాపం వాళ్ళు విన్నదానితో సరిగ్గానే కలుస్తున్నారు. చెవిని కాదు, కండక్టర్ చేతి కర్రను నమ్మాలి. అందుకే పాట కాగితాల ఫైలు ఛాతీ దగ్గర కాదు, గడ్డం ఎత్తున పట్టుకోమనడం. కర్ర కనబడని మూలకు టీవీ తెర పెడితే, ఆ తెర కూడా కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యం చేయవచ్చని గుర్తుంచుకోవాలి.

చోటు లెక్క ముందే వేయాలి. కూర్చుని వాయించేవారికి స్టాండుతో సహా 1.7 చదరపు మీటర్లు అనుకుంటే 45 మందికి 76. పెర్కషన్‌కు (డప్పులు, తాళాలకు) 18 దాకా. మెట్ల మీద గాయకుడికి 0.4 చొప్పున ఎనభై మందికి 32. మొత్తం 126. 12 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు ఉన్న వేదిక 96 చదరపు మీటర్లే. ట్రాంబోన్ గొట్టం ముందుకు చాచడానికి చోటు లేక ముందున్నవాడి వీపు పొడిచే సంగతి కచేరీ రోజున తెలియడం కన్నా, నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోవడం నయం. ఎనభై మంది ఒకే తలుపు గుండా వరుసగా వచ్చి నిలబడటానికి మనిషికి రెండు సెకన్లు వేసుకున్నా రెండు నిమిషాల నలభై సెకన్లు. చప్పట్లు అంతసేపు ఆగవు.

మూడు క్వయర్లు, ఒక్క 'స'

అతిథి క్వయర్లు వేర్వేరు కండక్టర్ల దగ్గర నేర్చుకుని వస్తాయి. స్వరాలు సరిగానే ఉంటాయి, మిగతావన్నీ వేరు. లాటిన్ పాటలో ఎక్సెల్సిస్ అన్న మాటను ఇటలీ పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళు "ఎక్షెల్సిస్" అంటారు, జర్మన్ పద్ధతివాళ్ళు "ఎక్స్‌ట్సెల్సిస్" అంటారు. ఇంకో లాటిన్ మాటను రెండు రకాలుగా పలికే పాచెమ్, పాట్సెమ్ గొడవా అంతే. ఎక్సెల్సిస్ చివరి 'స్'ను ఒక క్వయర్ నాలుగో బీట్ మీద, ఇంకోటి తర్వాతి బార్ మొదటి బీట్ మీద, మూడోది కండక్టర్ ముఖం చూసి వేస్తే, సభకు పాము మూడుసార్లు బుసకొట్టినట్టుంటుంది. కాబట్టి ఎక్కడ ఊపిరి తీయాలి, ఏ బీట్ మీద ఆపాలి, ఏ ఉచ్చారణ అన్నవి రాసిన ఒక్క ప్రతిని పది వారాల ముందే అందరికీ పంపాలి. ఉమ్మడి పాటను ఒకరే కండక్ట్ చేయాలి, ఆ గుర్తులు కూడా ఆయనవే కావాలి.

కాగితాల మీద మరో చిన్న పిట్టపోరు. బ్యాండు పార్టుల్లో రిహార్సల్ అక్షరాలుంటాయి, క్వయర్ కాగితాల్లో పేజీ నంబర్లుంటాయి. "డి నుంచి" అంటే క్వయర్ బిక్కమొహం వేస్తుంది, "ఏడో పేజీ నుంచి" అంటే బ్యాండు. అన్ని కాగితాల్లోనూ బార్ నంబర్లు వేయాలి. అదీ పాట ఎత్తుకునే చోటి అసంపూర్ణ బార్‌ను లెక్కలోకి తీసుకోకుండా, మొదటి పూర్తి బార్‌ను ఒకటిగా పెట్టి. రెండు కూర్పుల్లో ఒకదాంట్లో పునరావృతం విడదీసి రాసి ఉంటే నంబర్లు అక్కడి నుంచి కలవవు. దీన్ని ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని సరిచూడాలి, వంద మంది ముందు కాదు.

ఉమ్మడి రిహార్సల్ కనీసం రెండుసార్లు ఉండాలి, ఐదు నిమిషాల పాటకు పాతిక నిమిషాల చొప్పున. కచేరీ వరుసలో కాక అందరూ కలిసే పాటలు ముందు చేసి, క్వయర్లను పంపేసి, బ్యాండు పాటలు ఆఖరున పెట్టుకుంటే గంటన్నర నిలబడే పని తప్పుతుంది. మోకాళ్ళు బిగించి నిలబడితే కాళ్ళలో రక్తం ఆగి కళ్ళు తిరుగుతాయి. పై మెట్టుకు వెనక కమ్మీ లేకపోతే ఆ పడటం చిన్నది కాదు.

మైకులు చివరి మాట కావు

మైకు పెట్టాల్సివస్తే ముందు వరుసకు 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, తలల కన్నా అంతే ఎత్తులో, వెనక వరుస వైపు చూసేలా పెడతారు. పదిహేను ఇరవై మందికి ఒకటి చాలు. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ గొంతుకూ మధ్య దూరానికి మూడు రెట్లు ఉండాలి, లేకపోతే ఒకే శబ్దం రెండింటిలో పడి డొల్లగా వినిపిస్తుంది. కానీ ఆ మైకు కిందే ట్రాంబోన్లు, సింబల్స్ ఉంటాయి కదా. క్వయర్ మైకుల శబ్దం పెంచితే వాటి మోతా పెరుగుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ స్పీకర్లు కీచుమని కూత పెట్టే హద్దు 3 డెసిబెల్స్ దగ్గరవుతుంది. బ్యాండు పలుచనైతే రెండు మైకులతో పనైపోతుంది. పలుచన కాకపోతే ఎనిమిది పెట్టినా అంతే.

చివరి రిహార్సల్‌లో వెనక వరుసలో కూర్చుని వినే మనిషి ఎవరన్నది చాలామంది పట్టించుకోరు. సాధారణంగా క్వయర్ కండక్టరే వెళ్ళి కూర్చుంటాడు, "వినబడుతోంది" అంటాడు. ఆయనకు సాహిత్యం కంఠతా వచ్చు, వినబడకపోయినా మనసు పూరించుకుంటుంది. పాట తెలియని మనిషిని కూర్చోబెట్టి, చేతికి కాగితం కలం ఇచ్చి, వినబడిన మాటలు రాయమనాలి. ఖాళీ హాలులో ప్రతిధ్వని ఎక్కువ, జనం నిండాక శబ్దం కాస్త పొడిబారి మాట కొంచెం మెరుగవుతుంది, ఆ మేరకు మినహాయించుకోవచ్చు. కాగితం మీద ఖాళీ కనిపించిన బార్ నంబరు పట్టుకుని ఆ బార్‌లో మొదట సింబల్, తర్వాత రెండో ట్రంపెట్, తర్వాత ఆల్టో శాక్సఫోన్ ఆపి మళ్ళీ పాడించాలి. మూడూ ఆపినా ఖాళీ అలాగే ఉంటే, అప్పుడు క్వయర్ వైపు తిరిగి హల్లులు గట్టిగా పలకమని అడగవచ్చు.